వంటింటి గడప దాటని కంప్యూటరు

చింతామణిలో పట్టాభిరామ చింతపండు మండీ తెలియనివాళ్ళు తక్కువ. ఆ మండీ వెనక ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు వేసుకుని వంట చేసే కోడలొకతె ఉందని మాత్రం ఎక్కువమందికి తెలియదు.

అది అద్దె ఇల్లు. ముందు దుకాణం, దుకాణం వెనక మూటలు, మూటల వెనక హాలు, హాలు వెనక వంటిల్లు. వంటింటికి కిటికీ లేదు. పైన ఒక గవాక్షం ఉంది కానీ, అది పక్కింటివాళ్ళ గోడను చూస్తూ ఉంటుంది. కరెంటు పోయిందంటే, పోని రోజంటూ లేదు కాబట్టి, పట్టపగలు దీపం వెలిగించుకుని పోపు పెట్టాలి. ఆవాలు చిటపటలాడడం చెవితో వినాలి, కరివేపాకు వేగడం ముక్కుతో తెలుసుకోవాలి. శశికళ బాగేపల్లి పిల్ల. బీఎస్సీ చదివింది. ఏదైనా కళ్ళతో చూసి, కొలిచి చేసే మనిషి. ఈ చీకటి వంటకు ఎలాగో అలవాటు పడింది కానీ, సొంతిల్లు కట్టిననాడు తూర్పు కిటికీ ఉన్న వంటిల్లు సంపాదించుకుని తీరాలని మనసులో గట్టిగా అనుకుంది.

సొంతిల్లు కట్టే రోజు రానే వచ్చింది. కెంచార్లహళ్ళి రోడ్డులో సైటు. మునికృష్ణప్ప మేస్త్రీ ప్లాను గీసి తెచ్చాడు. శశికళ కాఫీలు ఇచ్చి, ఖాళీ లోటాలు తీసుకునే వంకతో దాన్ని నిదానంగా చూసింది. సైటుకు తూర్పున ఒక సందు ఉంది. పొద్దుటి ఎండ పడే ఆగ్నేయం మూలలో మేస్త్రీ గోడౌను గీశాడు. వంటిల్లు వాయవ్యం మూలకు పోయింది. అక్కడ ఒకపక్క మెట్లు, ఇంకోపక్క పొరుగువాళ్ళ గోడ.

"మామా, ఆగ్నేయంలో వంటిల్లు పెట్టుకుని, గోడౌను వెనక నైరుతి మూలకు జరిపితే కాదా?" అని మామగారిని అడిగింది.

పట్టాభిరామ కోడలి మాటను తీసిపారేసే మనిషి కాదు. కానీ ఆయనకు చింతపండు తర్వాతే ఎవరైనా.

"లారీ వచ్చి సందులో నిలుస్తాది. మూట దిగుతాది, నేరుగా గోడౌను లోపలికి పోతాది. వెనకదాకా మోయాలంటే హమాలీలు నన్ను తిట్టిపోస్తారమ్మా. వాయవ్యంలో వంటిల్లు తప్పేం కాదు. ఏమప్పా మునికృష్ణప్పా?"

"తప్పేముండాది సావుకారప్పా. సగం ఊరికి అట్లనే ఉండాది," అన్నాడు మేస్త్రీ.

ఆ సగం ఊరి ఆడవాళ్ళను ఎవరైనా అడిగారా అన్న మాట శశికళ నాలుక చివరిదాకా వచ్చింది. లోటాలతో పాటు దాన్నీ లోపలికి తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే తెల్లకాగితం మీద స్కేలు పెట్టి తన ప్లాను తాను గీసింది. భర్త అమరేష్‌కు చూపిస్తే "బాగుండాది" అన్నాడు. ఆయన ఉప్మాను కూడా అలాగే అంటాడు కాబట్టి ఆ మాటను లెక్కలోకి తీసుకోవడానికి లేదు. అత్తగారు వనజమ్మ కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"ఇవన్నీ గీతలు గదమ్మా శశీ. దీంట్లో నేను యాడ నిలబడాల? పొయ్యి యాడ ఉండాది?"

"ఇదీ అత్తా, ఈ చదరం."

"ఈ చదరంలో రొట్టె కూడా కాలదు," అని కాగితం తిరిగి ఇచ్చేసింది వనజమ్మ.

పట్టాభిరామ కూడా అదే మాట అన్నాడు. "గీతలు చూసి నాకేం తెలుస్తాదమ్మా. ఇల్లు చూడాలంటే ఇంట్లోకి పోవాల."

కట్టని ఇంట్లోకి ఎలా పోవడం? దానికి దారి హాలులో, లేసు గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. మండీ లెక్కలకని అమరేష్ కొన్న కంప్యూటరు. బాగేపల్లి తమ్ముడు నాగేశ్ చిక్కబళ్ళాపురంలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్నాడు. అతను ఎప్పుడో ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీని అక్కకు ఇచ్చి పోయాడు. అందులో ఇళ్ళు గీసే ప్రోగ్రాము ఉంది. గోడలు గీస్తే లేపుతుంది, తలుపులు పెడితే తెరుస్తుంది, పొద్దుటి ఎండ ఏ కిటికీలోంచి ఎంత దూరం పడుతుందో కూడా చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బాణం గుర్తున్న మీటలు నొక్కుకుంటూ ఆ ఇంట్లో నడవవచ్చు.

మధ్యాహ్నాలు ఇంట్లో అందరూ నడుం వాల్చినప్పుడు కూర్చుని, శశికళ ఇల్లు మొత్తం కట్టేసింది. వంటింట్లో చట్టి, చెంబు కూడా సర్దింది. నడుద్దామని మీట నొక్కితే బొమ్మ బిగుసుకుపోయింది. చాలాసేపటికి ఒక అడుగు పడింది. ఒక్కో అడుగుకు ఒక్కో దోసె పోసుకోవచ్చు. మామగారిని ఆ నడకతో హాలుదాకా తీసుకుపోయేలోపల ఆయన నిద్రపోతాడు.

"ఆ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు లేదక్కా. అది వేస్తే పరుగెత్తుతాది," అన్నాడు నాగేశ్ ఫోనులో.

"అయితే బిరీన తీసుకొని రా. శుక్రవారం గుద్దలి పూజ."

గుద్దలి పూజ అంటే భూమిపూజ. ఆనాడు మేస్త్రీ సైటులో సున్నంతో ముగ్గు పోస్తాడు. ముగ్గు పడిందంటే ఆగ్నేయం మూల చింతపండుదో, శశికళదో తేలిపోయినట్టే. ఆ తర్వాత ఎంత మంచి బొమ్మ చూపించినా ఏం లాభం?

నాగేశ్ బెంగళూరుకు పోయి కార్డు కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కంప్యూటరు పక్క రేకు విప్పి, లోపల పొడుగ్గా ఖాళీగా ఉన్న గాడిలో దాన్ని నొక్కి కూర్చోబెట్టాడు. దానికి సొంతంగా ఒక చిన్న ఫ్యాను ఉంది. స్విచ్చి వేస్తే బొమ్మ నిజంగానే జారుడుబండ మీద జారినట్టు కదిలింది. శశికళ గేటు తీసింది, వరండా ఎక్కింది. టప్పుమని కంప్యూటరు ఆరిపోయింది.

మళ్ళీ వేశారు. మళ్ళీ వరండాదాకానే.

"దీనికి ఎంత కరెంటు కావాల్నో చూసుకొనే తెచ్చినావా?" అంది శశికళ.

నాగేశ్ తల గోక్కున్నాడు. "పాత ఎస్‌ఎంపీఎస్ మీద నాలుగు వందల యాభై వాట్లని రాసుండాది గదక్కా. చాలుతాదనుకుంటిని."

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడలో కరెంటును తీసుకుని లోపలున్న వాటన్నిటికీ కావలసినంత పంచిపెట్టే పెట్టె. నాగేశ్ దాన్ని విప్పి బయటికి తీశాడు. శశికళ చేతిలోకి తీసుకుని తూచి చూసింది. అప్పడాల డబ్బాకంటే బరువు లేదు. పక్కన నిలబడి చూస్తున్న మామగారి చేతికిచ్చింది.

"బస్తా మీద రాసిండేది చూసి దుడ్డిస్తే నా మండీ ఎప్పుడో మూతపడుండేది," అన్నాడు పట్టాభిరామ, దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుంటూ. "దీంట్లో సరుకు లేదు నాగేశప్పా. ఊరికే డబ్బా."

"కొత్త కార్డుకు ఆకలెక్కువ. ఇదేమో పిడికెడు వండుతాది. గట్టిది వేరేది వేస్తే గానీ కాదు బావా," అని నాగేశ్ అమరేష్ వైపు చూశాడు.

"వేయప్పా, వేయి," అన్నాడు అమరేష్. "కిటికీ కోసమని మొదలుపెట్టినాం. ఇంక కంప్యూటర్‌కే గృహప్రవేశం చేసేటట్ల ఉండాము."

గురువారం పొద్దున నాగేశ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తెచ్చిన ఎస్‌ఎంపీఎస్ నల్లగా నిగనిగలాడుతూ, రుబ్బుడు గుండులాగా బరువుగా ఉంది. ఒక ముఖమంతా పెద్ద ఫ్యాను. దాని మీద కమ్మీల జల్లెడ. వనజమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి తృప్తిపడింది.

"ఇదప్పా వస్తువంటే! ఇంటికి కొత్త ఇంజను వస్తే పూజ లేకుండా తిప్పుతారా? ఉండు."

మండీకి కొత్త తక్కెడ వచ్చినా, లారీకి కొత్త టైరు వేసినా ఆ ఇంట్లో పూజ లేకుండా పని మొదలుకాదు. నాగేశ్‌కూ అది కొత్త కాదు. చిక్కబళ్ళాపురంలో అతని దుకాణంలో ప్రింటర్లకు కూడా కుంకుమ బొట్లు ఉంటాయి. పీట వేసి, పసుపు రాసి, ఎస్‌ఎంపీఎస్‌ను దాని మీద ఫ్యాను కిందికి వచ్చేటట్టు పెట్టాడు.

"అట్ల బోర్లా పడుకోబెడతారా ఎవరైనా? ముఖం పైకుండాల," అని వనజమ్మ దాన్ని తిప్పి, ఫ్యాను పైకి పెట్టింది.

విభూతి, కుంకుమ, ఒక చేమంతి పువ్వు. హారతి ఇచ్చి, నెయ్యీ పసుపూ కలిపిన అక్షతలు అందరి చేతుల్లోనూ పోసింది. అందరూ వేశారు. మరుసటి రోజు ఏ వేళకు రావాలో అడగడానికి వచ్చిన మునికృష్ణప్ప మేస్త్రీ కూడా చెప్పులు విడిచి వచ్చి వేశాడు. పట్టాభిరామ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని పిడికిలి విప్పాడు. రాహుకాలం వచ్చేలోపల బిగించాలని వనజమ్మ తొందర పెడితే, నాగేశ్ చేమంతి పువ్వు మాత్రం తీసి పక్కన పెట్టి, పెట్టెను లోపల బిగించి, తీగలన్నీ తగిలించాడు.

కంప్యూటరు లేచింది. హాలులో కుర్చీలు వేశారు. శశికళ గేటు ముందు ఆగి, చీర కొంగు సర్దుకుంది. కట్టని ఇంటి ముందు నిలబడినా కొంగు సర్దుకోవాలనిపిస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నేరుగా వంటింటికే పోదామా అత్తా?" అంది.

"అదేం మాటమ్మా! కొత్తింట్లోకి తలవాకిలి దాటకుండా పోతారా? కుడికాలు ముందు పెట్టు."

"కంప్యూటర్లో కాలు లేదు గదత్తా."

"కుడిచేతి వేలుండాది గదా. దాంతో నొక్కు."

కుడిచేతి వేలితో నొక్కింది. గడప దాటారు. బొమ్మ నీళ్ళలా కదులుతోంది. వనజమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "ఇది హాలా? అయ్యో, ఎంత పెద్దదిగా ఉండాది! ఆ మూలలో ఏం పెట్టినావు? నా కుర్చీనా? దేవుడింటి తలుపుకు గంటలు పెట్టలేదే?" అంటూ ప్రతి మూల దగ్గరా ఆపించింది. పట్టాభిరామకు కిటికీ కమ్మీలు పలుచగా కనబడ్డాయి. మేస్త్రీకి దూలం కనబడలేదు. అన్నిటికీ జవాబు చెప్పి, శశికళ వంటింటి గడప ముందుకు వచ్చింది. లోపలినుంచి పొద్దుటి ఎండ గడప మీదికి పసుపు చారలాగా పడుతోంది. ఒక్క అడుగు వేస్తే చాలు.

కంప్యూటరు ఆరిపోయింది.

నాగేశ్ తీగలన్నీ ఒత్తి చూశాడు. కాసేపాగి వేస్తే వెలిగింది. మళ్ళీ గేటు, మళ్ళీ కుడిచేతి వేలు, మళ్ళీ దేవుడింటి గంటల ముచ్చట. వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చీకటి.

పట్టాభిరామ కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూస్తిరా? ఇల్లంతా తిరగనిచ్చి, ఆ ఒక్క గడప మాత్రం దాటనీయలేదు. ఇంతకంటే శకునమేం కావాల? ఆ మూల ఈ సైటుకు వంటింటికి కలిసి రాదమ్మా శశీ. ఊరికే మనసు పెట్టుకోవద్దు."

"నేనూ అదే అనుకుంటాండా సావుకారప్పా," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. ప్లాను మళ్ళీ గీయాల్సిన పని తప్పిందన్న సంతోషం అతని ముఖంలో దాగలేదు.

అప్పటిదాకా మామగారితో శశికళ తగువు లారీ గురించి. లారీకి జవాబుంటుంది. శకునానికి జవాబేముంది? కళ్ళలో నీళ్ళు రాకుండా చూసుకోవడానికి లేచి అందరికీ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు ఇస్తూ ఆలోచించింది. రెండుసార్లూ ఒకే చోట ఎందుకు ఆగింది? రెండుసార్లూ ఒకే గేటునుంచి బయలుదేరి, ఒకే మూలల దగ్గర ఆగి, ఒకే ప్రశ్నలకు జవాబు చెప్పి అక్కడికి వచ్చారు కాబట్టి. దాన్ని ఆపేది గడప కాదు, గడిచిన సమయం.

"మామా," అంది నెమ్మదిగా. "ఈసారి మీ గోడౌను చూద్దామా? దానికి సందులోనుంచి వేరే దారి, షట్టరు ఉండాది. తలవాకిలి పని లేదు."

గోడౌను పేరు వినగానే పట్టాభిరామ ముందుకు జరిగాడు. శశికళ నైరుతి మూల గోడౌనులో బస్తాలు వరుసగా పేర్చి పెట్టింది. ఆయన ఒక్కో వరుస దగ్గర ఆగి, గాలి ఎటునుంచి వస్తుంది, చెమ్మ ఎక్కకుండా కింద ఏం పరిచావు అని అడుగుతూ తిరిగాడు. శశికళ తొందరపడకుండా తిప్పింది. ఆయన మూడో వరుసలో బస్తా పైకి చూస్తుండగా టప్పుమంది.

"ఇప్పుడేమంటారు?" అంది వనజమ్మ. "గోడౌను కూడా కలిసి రాదా? అయితే చింతపండు యాడ పెడతారు, నా మంచం కిందా?"

అమరేష్‌కు మజ్జిగ పొరబోయింది.

నాగేశ్ మాత్రం దిగాలు పడిపోయాడు. "కార్డే చెడిపోయిందేమో అక్కా. తీసుకొని పోయి మార్చుకొస్తా."

"రేపు పూజయితే, నువ్వెప్పుడు పోతావు, ఎప్పుడొస్తావు? ఉండు, మళ్ళా వేయి." శశికళ కంప్యూటరు వెనక్కి పోయి వంగి, కొత్త పెట్టె గాలి వదిలే చోట అరచెయ్యి అడ్డం పెట్టింది. పాతది ఉన్నప్పుడు బూజు దులపడానికి పోతే అక్కడ వెచ్చటి గాలి చేతికి తగిలేది. ఇప్పుడు ఏమీ తగలలేదు. రేకు మాత్రం ఇడ్లీ పాత్ర మూతలా కాలుతోంది. "నాగేశా, ఇది ఊపిరి వదలడం లేదు. ఇంత పెద్ద ఫ్యాను తిరుగుతాందా అసలు?"

నాగేశ్ వంగి చూశాడు. కార్డు ఫ్యాను చేసే రొదలో ఎవరూ గమనించలేదు. పెద్ద ఫ్యాను కదలకుండా నిలబడి ఉంది. "అదే! వేడెక్కిపోయి తనంతట తానే ఆపుకుంటాండాది. మంచి సరుకు కాబట్టి కాలిపోకుండా ఉండాది."

తీగ పీకి, పెట్టెను విప్పి తీశాడు. తీస్తూ పక్కకు వంచాడు. లోపల గలగలమని సన్నగా ఒక చప్పుడైంది. నాగేశ్‌కు అది విరిగిన మర చప్పుడులా వినబడింది. శశికళకు కాదు. చేటను వాలుగా పట్టినప్పుడు గింజలు చేసే ఆ చప్పుడు ఏ ఆడదానికీ చెప్పనక్కరలేదు. ఆమె అత్తగారి వైపు చూసింది. వనజమ్మ అప్పటికే కోడలి వైపు చూస్తోంది.

"చేట తీసుకొస్తా," అని లేచింది వనజమ్మ.

"మూత తెరవగూడదక్కా," అన్నాడు నాగేశ్. "తీగ పీకినా దీని కడుపులో కరెంటు కొంతసేపు దాక్కొనుంటాది."

మూత తెరవలేదు. కాసేపు చల్లారనిచ్చి, చేట మీద ఫ్యాను కిందికి పెట్టి, పెట్టెను నెమ్మదిగా కుదిపాడు. జల్లెడ కమ్మీల సందుల్లోంచి ఒక గింజ, రెండు గింజలు, ఆ తర్వాత చిన్న వానలా, పచ్చగా, నెయ్యి మెరుపుతో, విరగని సోనామసూరి అక్షతలు రాలాయి. రాల్చిన కొద్దీ రాలుతూనే ఉన్నాయి. ఒక్క గింజ మాత్రం ఫ్యాను రెక్కకూ అంచుకూ మధ్య నెయ్యికి అతుక్కుని ఇరుక్కుపోయి, దీవించడం మానలేదు. వనజమ్మ దేవుడింట్లోంచి కాలిపోయిన అగరుబత్తి పుల్ల తెచ్చి ఇస్తే, నాగేశ్ కమ్మీల పైనుంచే దాంతో కదిలించి తీశాడు. ఆ పుల్లతోనే మెల్లగా తాకితే రెక్కలు గిర్రున తిరిగాయి.

అందరూ చేటలోకి చూశారు.

"ముఖం పైకి పెట్టింది నేనే," అంది వనజమ్మ నిజాయితీగా. "కాదనను. కానీ నేనేసింది నాలుగు గింజలు. ఈ పిడికెడు ఎవరిది? కండ్లు మూసుకొని, పెండ్లిలో పిల్లోడి నెత్తిన పోసినట్ల ఎవరు పోసిరి?"

పట్టాభిరామ పైన తిరుగుతున్న సీలింగు ఫ్యాను వైపు శ్రద్ధగా చూడసాగాడు.

"నాన్నా, శకునం మీదేనంట," అన్నాడు అమరేష్.

"ఊరుకోరా. మంచి మనసుతో వేస్తిని. ఎక్కువైతే తప్పా?" అని పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వితే మేస్త్రీ నవ్వాడు. మేస్త్రీ నవ్వితే అప్పటిదాకా బిగబట్టుకున్న శశికళకు కళ్ళలో నీళ్ళు వచ్చేంత నవ్వు వచ్చింది.

ఈసారి వెనక చెయ్యి పెట్టి, గాలి తగులుతోందని చూసుకున్న తర్వాతే శశికళ కుర్చీలో కూర్చుంది. గేటు, వరండా, తలవాకిలి. వనజమ్మ దేవుడింటి గంటల గురించి మళ్ళీ అడిగింది. అడగనివ్వమని శశికళే ఆగింది. ఇప్పుడు తొందర లేదు. వంటింటి గడప వచ్చింది. దాటింది.

తూర్పు కిటికీలోంచి వచ్చిన ఎండ గచ్చు మీద, గట్టు మీద, వరుసగా పెట్టిన డబ్బాల మీద పరుచుకుని ఉంది. బొమ్మ ఎండే అయినా వనజమ్మ ముఖం వెలిగింది. ఆమె కూడా ఆ చీకటి వంటింట్లోకి కోడలిగా వచ్చినదే, శశికళకంటే చాలా ముందుగా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కిటికీ కావాలని ఆమె అనగా ఎవరూ వినలేదు.

"పొయ్యి దగ్గరికి పో," అంది కొంచెంసేపటికి. శశికళ పోయింది. "ఇప్పుడు తిరుగు. వాకిట్లోకి ఎవరొచ్చిందీ కనబడతాదా? కనబడతాది. మంచిది. మళ్ళా ఇటు తిరుగు." వనజమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "శశీ, ఇంత చదివి కిటికీ కిందనే పొయ్యి పెట్టినావే! గాలికి మంట నిలుస్తాదా?"

శశికళ తెల్లబోయింది. అడుగడుగూ కొలిచి గీసిన మనిషి. గాలి సంగతి ఆమెకు తట్టనేలేదు.

"నీ తప్పు కాదులే," అంది వనజమ్మ. "గాలే రాని చోట ఇన్నేండ్లు వండితే ఎవరికి గుర్తుంటాది? పొయ్యి ఆ పక్కకు జరుపు. కిటికీ కింద కూరగాయలు తరుక్కుందాం."

శశికళ మౌసు పట్టి పొయ్యిని పక్కకు జరిపింది. చట్టి కూడా దానితో పాటే జరిగింది. అది చూసి వనజమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, వెంటనే భర్త వైపు తిరిగింది.

"ఏమండీ. ఎండా వెలుతురూ తగిలితే చింతపండు నల్లబడతాదని ఊరందరికీ చెప్తారు గదా. మరి ఊళ్ళో ఉండే ఎండంతా తెచ్చి దాని మూలలో ఎందుకు పెట్టినారు?"

పట్టాభిరామ జీవితమంతా చింతపండు అమ్మిన మనిషి. "అదీ నిజమే," అని గొణిగి, "కానీ మోత ఉండాది గదా. సందులోనుంచి వెనకదాకా," అన్నాడు.

"రండి మామా, మోసి చూద్దాం," అంది శశికళ.

సందులోంచి వెనక్కి తీసుకుపోయింది. మలుపు దగ్గర ఆయన ఆపాడు. "నెత్తి మీద మూటతో వచ్చేవానికి ఈ మూల తగులుతాదమ్మా." శశికళ మూలను ఏటవాలుగా కోసింది. "ఇంకొంచెం." ఇంకొంచెం కోసింది. "షట్టరు వెడల్పు చేయి." చేసింది. మేస్త్రీ "సావుకారప్పా, మూల కోస్తే ఇటుకలు శానా వేస్టవుతాయి," అనబోతే, "నీ ఇటుకలకు దుడ్డు నేనిస్తాలేప్పా, నా హమాలీ తలకు నువ్విస్తావా?" అన్నాడు పట్టాభిరామ. ఆ మాటతో మేస్త్రీ ప్లాను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కంప్యూటరులోది చూసి కొలతలు కొత్తగా రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పెద్దాయన కోడలిని లేపి తాను కూర్చున్నాడు. ఒక వేలితో మీటలు నొక్కుతూ ఇల్లంతా తిరిగాడు. నాగేశ్ బస్సుకు బయలుదేరుతుంటే లోపలినుంచి కేక వినబడింది. "శశీ! బచ్చలింట్లోకి వచ్చినాను. నీళ్ళ తొట్టి ఉండాది గానీ తలుపు యాడుండాదో కనబడలేదు. వచ్చి బయటికి తీయమ్మా!"

శుక్రవారం పొద్దున పూజ అయింది. మునికృష్ణప్ప తాడు పట్టి, డబ్బాలోంచి సున్నం జారవిడుస్తూ గదులు ఒక్కొక్కటిగా గీశాడు. ఆగ్నేయం మూలకు వచ్చి, ఆగి, పట్టాభిరామ వైపు చూశాడు.

"పోయప్పా," అన్నాడు పెద్దాయన. "ఆడవాళ్ళ మూల అది. కొంచెం పెద్దదే గీయి."

సున్నపు గీత నలువైపులా కలిసింది. శశికళ చెప్పులు విడిచి, తలుపు కోసం వదిలిన ఖాళీలోంచి లోపలికి పోయి నిలబడింది. గోడ లేదు, గట్టు లేదు. ఎర్రమట్టి, గడ్డి దుబ్బులు. కిటికీ రాబోయే చోటు వైపు తిరిగింది. వెనకనుంచి వనజమ్మ కూడా కుడికాలు ముందు పెట్టి గీత దాటి వచ్చి పక్కన నిలబడి, వెంటనే చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"అబ్బా, ఏమి ఎండమ్మా ఇది! కండ్లలో పొడుస్తాండాది. ఒక పరదా కట్టుకోవాల శశీ."

"కట్టుకుందామత్తా," అంది శశికళ. తానైతే చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.